ఏడవ గ్రెగరీ పోపు అయింది ఎప్పుడు? నాలుగు తేదీల్లో ఏది నమ్మాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఏడవ గ్రెగరీ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నారు. ఆయన పోపు అయిన తేదీ కోసం వెతికితే నాలుగు దొరికాయి: 1073 ఏప్రిల్ 22, అదే ఏడాది జూన్ 29, జూన్ 30, ఆ తర్వాత 1074 ఫిబ్రవరి 2. ఎక్కువమంది చెప్పినది తీసుకోవాలా, లేక అన్నిటికంటే పాత రచనలో ఉన్నది తీసుకోవాలా అని అడిగారు. చివర్లో ఇంకో సందేహం పెట్టారు: పదవ గ్రెగరీ పట్టాభిషేకం ఒక్క రోజు జరిగినదే కదా, దానికి 1271, 1272, 1273 అని మూడు సంవత్సరాలు ఎలా వస్తున్నాయని.

ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత కారణాలు చెబుతాను. ఏడవ గ్రెగరీ ఎన్నిక 1073 ఏప్రిల్ 22, సోమవారం. బిషప్పుగా అభిషేకం జూన్ 30, ఆదివారం. జూన్ 29 మాత్రం తేలిగ్గా తోసేయదగ్గది కాదు. 1074 ఫిబ్రవరి 2 తప్పు. పదవ గ్రెగరీ విషయంలో మూడు సంవత్సరాలూ ఒప్పే.

ఇరవై ఏళ్లకు పైగా మధ్యయుగపు లాటిన్ పత్రాలు చదువుతున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. తేదీల మధ్య ఓట్లు లెక్కపెట్టకండి. పది క్రానికల్స్‌లో (ఏడాదివారీగా రాసిన పాత చరిత్రల్లో) ఒకే తేదీ ఉంటే, తొమ్మిది మంది ఒకరిని చూసి రాశారేమో చూడాలి. పాతదన్న కారణంతో కూడా నమ్మకండి. సంఘటన జరిగిన ఐదేళ్లకే, వందల మైళ్ల దూరంలో కూర్చుని తప్పు రాసినవారున్నారు. ప్రతి తేదీనీ విడిగా మూడు ప్రశ్నలు అడగాలి. ఇది ఏ ఘట్టానికి తేదీ? రాసినవారు ఎక్కడ, ఎప్పుడు ఉన్నారు? ఈ తేదీ నిజమైతే వారికి లాభమా, ఇబ్బందా?

మొదటి ప్రశ్నతోనే మీ సమస్య సగం తీరిపోతుంది. "పోపు అవడం" అనేది ఆ రోజుల్లో ఒక్క రోజు పని కాదు. ఎన్నికైన నాటికి ఆయన పేరు హిల్డెబ్రాండ్, రోమ్ చర్చిలో ఆర్చ్‌డీకన్, అంటే డీకన్లకు పెద్ద. డీకన్ గురువు (ఫాదర్) కంటే కింది మెట్టు, కాబట్టి అప్పటికి ఆయన గురువు కూడా కాదు. ఎన్నికయ్యాక ముందు గురుపట్టం తీసుకోవాలి, తర్వాత బిషప్పుగా అభిషేకం జరగాలి. రోమ్ బిషప్పే పోపు కాబట్టి, అభిషేకం జరిగే వరకు ఆయన "ఎన్నికైనవారు" మాత్రమే. మన దగ్గర ఉద్యోగానికి ఆర్డరు వచ్చిన రోజు వేరు, డ్యూటీలో చేరిన రోజు వేరు. సర్వీసు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న తగాదా అక్కడే పుడుతుంది. ఏప్రిల్ 22కీ జూన్ 30కీ మధ్య 69 రోజులున్నాయి. ఈ రెండు తేదీలకూ నిజానికి గొడవే లేదు, ఒకటి ఎన్నికది, ఇంకొకటి అభిషేకానిది. "పోపు అయ్యారు" అన్న ఒక్క క్రియాపదం కింద ఎవరో రెండిటినీ కలిపేశారు.

ఏప్రిల్ 22కు ఆధారం చాలా గట్టిది. గ్రెగరీ ఉత్తరాల రిజిస్టరు వాటికన్ ఆర్కైవ్‌లో ఇప్పటికీ ఉంది. దాని మొదట్లోనే ఎన్నిక గురించిన వాంగ్మూలం కనిపిస్తుంది. అందులో తేదీని ఒక్క రకంగా కాదు, ఐదు రకాలుగా చెప్పారు: క్రీస్తు అవతారం నుంచి 1073వ సంవత్సరం, ఇండిక్షన్ 11, చంద్రుడి వయసు 11, మే కాలెండ్స్‌కు పదో రోజు, వారంలో రెండో రోజు. ఆ పైన, అది రెండవ అలెగ్జాండర్ పోపును పాతిపెట్టిన రోజని కూడా చెప్పారు. మన శాసనాల్లో శక సంవత్సరం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం అన్నీ వరసగా ఇస్తారు కదా, అలాంటిదే ఇది. ఇన్ని అంశాలిచ్చినప్పుడు ఒకదానితో ఒకటి సరిచూసుకోవచ్చు. శాసనాలు చదివినవారికి ఈ పని కొత్తగా ఉండదు.

సరిచూద్దాం. మే కాలెండ్స్ అంటే మే 1. రోమన్ల లెక్క వెనక్కి నడుస్తుంది, మొదలు పెట్టిన రోజును కూడా కలుపుకుంటుంది. మే 1 ఒకటి, ఏప్రిల్ 30 రెండు, ఇలా పోతే పదోది ఏప్రిల్ 22. (పేరులో "మే" అని ఉన్నా రోజు ఏప్రిల్‌లోది. దీన్ని మే నెలగా అనువదించిన వ్యాసాలు నేను చూశాను, మీరు జాగ్రత్త.) ఇండిక్షన్ అంటే 15 ఏళ్ల చక్రంలో ఆ ఏడాది స్థానం. సంవత్సరానికి 3 కలిపి 15తో భాగిస్తే వచ్చే శేషం. 1076ను 15తో భాగిస్తే శేషం 11. సరిపోయింది. 1073లో ఈస్టర్ మార్చి 31. అది ఆదివారం కాబట్టి అక్కడి నుంచి 22 రోజులు లెక్కపెడితే ఏప్రిల్ 22 సోమవారం. ఆదివారం ఒకటి అయితే సోమవారం రెండు, "వారంలో రెండో రోజు" అన్నది కుదిరింది. చర్చి పట్టిక ప్రకారం ఆ ఏడాది పాస్కా చంద్రుడి (ఈస్టర్ తేదీని నిర్ణయించే చంద్రమాసం) 14వ రోజు మార్చి 27, తర్వాతి చంద్రమాసం ఏప్రిల్ 12న మొదలు. కాబట్టి 22న చంద్రుడి వయసు 11. మన మాటల్లో శుద్ధ ఏకాదశి దరిదాపు. ఐదు అంశాల్లో ఒక్కటి కూడా తప్పలేదు. ఒక అంకె పొరపాటున మారి ఉంటే వారమో చంద్రుడో పట్టించేవి.

ఇక్కడ రెండు గుంటలున్నాయి, చాలామంది పడేవే. ఆన్‌లైన్‌లో దొరికే "ఈ తేదీ ఏ వారం" కాలిక్యులేటర్లు చాలావరకు గ్రెగోరియన్ క్యాలెండర్‌ను వెనక్కి నడిపిస్తాయి. అందులో 1073 ఏప్రిల్ 22 వేస్తే మంగళవారం అని వస్తుంది. అప్పుడు వాడుకలో ఉన్నది జూలియన్ క్యాలెండర్. 11వ శతాబ్దంలో రెండిటి మధ్య 6 రోజుల తేడా ఉంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నాకు ఇదే జరిగింది. మంగళవారం అని చూసి, వాంగ్మూలం తర్వాతెవరో కల్పించి రాసినదేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఈస్టర్ తేదీ నుంచి చేత్తో లెక్కపెట్టినప్పుడు గానీ తప్పు నాదని అర్థం కాలేదు. అప్పటి నుంచి నేను వారం కావాలంటే ఆ ఏడాది ఈస్టర్ నుంచే లెక్కపెడతాను. రెండో గుంట చంద్రుడు. మూల పత్రంలోని చంద్రుడి వయసు చర్చి పట్టికది, ఆకాశంలోది కాదు. ఆ పట్టికకూ నిజమైన చంద్రుడికీ అప్పటికే రెండు రోజులకు పైగా తేడా వచ్చింది. కాబట్టి పంచాంగం సాఫ్ట్‌వేర్‌లో చూసి "తప్పు" అనకండి.

లెక్కలు కుదిరినంత మాత్రాన తేదీ నిజమని కాదు. తెలివిగా కల్పించేవాడు లెక్కలు కూడా కుదుర్చుకుంటాడు. అందుకే మూడో ప్రశ్న కావాలి: ఈ తేదీ వల్ల రాసినవారికి లాభమా, ఇబ్బందా? నా దృష్టిలో ఏప్రిల్ 22ను నిలబెట్టేది ఇదే.

607లో మూడవ బోనిఫేస్ పోపు రోమ్‌లో ఒక సభ జరిపి నియమం పెట్టారు. పోపు బతికుండగా వారసుడి గురించి మాట్లాడకూడదు, ఆయన్ను సమాధి చేశాక మూడో రోజుకు గానీ ఎన్నిక మొదలుపెట్టకూడదు. అలెగ్జాండర్ చనిపోయింది ఏప్రిల్ 21న, సమాధి 22న, ఎన్నికా 22నే. అంటే గ్రెగరీ సొంత రిజిస్టరే నియమం తప్పిన తేదీని మొదటి పేజీలో ఒప్పుకుంటోంది. తేదీ కల్పించుకునే ఉద్దేశం ఉంటే ఎన్నిక రెండు మూడు రోజుల తర్వాత జరిగినట్టు రాసుకుని ఉండేవారు. ఎన్నిక మర్నాడు గ్రెగరీ మోంటె కస్సీనో మఠాధిపతి డెసిడేరియస్‌కు రాసిన ఉత్తరం చూడండి. మూడు రోజుల ఉపవాసం, ప్రార్థనలు, దానధర్మాలు అయ్యాకే ఎన్నిక సంగతి చూద్దామని అనుకున్నామని, కానీ పోపును సమాధి చేస్తుండగానే జనంలో గగ్గోలు పుట్టి పిచ్చివాళ్లలా తన మీద పడ్డారని అందులో రాశారు. నియమం ఆయనకు తెలుసు. అది తప్పిందనీ తెలుసు. అయినా తేదీ మార్చలేదు.

వాంగ్మూలం మాత్రం అదే రోజును చాలా ప్రశాంతంగా చూపిస్తుంది. సెయింట్ పీటర్ ఇన్ చెయిన్స్ చర్చిలో కార్డినల్స్, గురువులు, జనం సమావేశమయ్యారట. "మీకు సమ్మతమేనా? సమ్మతమే. ఆయన కావాలా? కావాలి. ఆయన్ను ఆమోదిస్తున్నారా? ఆమోదిస్తున్నాం." ఈ ప్రశ్నోత్తరాలు చదివితే గగ్గోలు ఛాయ కూడా ఉండదు. కాబట్టి ఒకే రిజిస్టరులోని రెండు పత్రాలు వాతావరణం విషయంలో ఏకీభవించవు, తేదీ విషయంలో ఏకీభవిస్తాయి. ఇలాంటి చోట మనం ఏది తీసుకోవాలో తెలుసుకోవాలి. వాంగ్మూలం నుంచి తేదీ తీసుకోండి, జరిగిన తీరు విషయంలో ఉత్తరాన్ని పక్కన పెట్టుకుని చదవండి. ఒక పత్రాన్ని నమ్మడమంటే దానిలోని ప్రతి వాక్యాన్నీ ఒకే మోతాదులో నమ్మడం కాదు.

శత్రువుల సాక్ష్యం కూడా ఉంది. 1080 జూన్ 25న జర్మనీ రాజు నాలుగవ హెన్రీ పక్షాన బిషప్పులు బ్రిక్సెన్‌లో సభ పెట్టి గ్రెగరీని పదవి నుంచి తొలగించామన్నారు. రవెన్నా ఆర్చిబిషప్పు గిబర్ట్‌ను పోపుగా ఎన్నుకున్నారు. ఆ తీర్మానంలో గ్రెగరీ మీద ఎన్నో నేరాలు మోపారు. వాటిలో ఒకటి: అలెగ్జాండర్‌కు అంత్యక్రియల ప్రార్థనలు జరుగుతున్న ఆ రాత్రే రోమ్ ద్వారాలు, వంతెనలు, బురుజులు ఆయుధాలున్నవాళ్లతో నింపి పీఠాన్ని ఆక్రమించాడని. కథ మొత్తం రిజిస్టరుకు ఎదురు తిరిగి ఉంది. కానీ సమయం అదే. పోపు సమాధీ, కొత్త పోపు రాకా ఒకదానికొకటి అంటుకునే జరిగాయని ఇద్దరూ అంటున్నారు. ఏ విషయంలోనూ పొసగని రెండు పక్షాలు ఒక్క అంశం మీద కలిస్తే, ఆ అంశాన్ని పట్టుకోవచ్చు. గ్రెగరీ మద్దతుదారు, సూత్రి బిషప్పు బోనిజో కూడా సమాధి నాడే ఎన్నిక అన్నారు.

ఇప్పుడు 1074 ఫిబ్రవరి 2 సంగతి. ఇది జర్మనీలోని హెర్స్‌ఫెల్డ్ మఠంలో ఉన్న లాంపర్ట్ అనే సన్యాసి రాసినది. ఆయన కథనం ఇలా సాగుతుంది. రాజు అనుమతి లేకుండా ఎన్నిక జరిగిందని బిషప్పులు రాజుకు చెప్పారు. రాజు ఎబర్‌హార్డ్ అనే కౌంట్‌ను రోమ్ పంపాడు. గ్రెగరీ తనకు పదవి మీద ఆశ లేదని, రాజు సమ్మతి తెలిసేదాకా అభిషేకం ఆపుకున్నానని చెప్పారు. రాజు తృప్తి పడి ఒప్పుకున్నాడు. మరుసటి సంవత్సరం మరియమాత శుద్ధీకరణ పండుగ నాడు, అంటే ఫిబ్రవరి 2న, అభిషేకం జరిగింది.

ఇక్కడ ఒక విషయం చూడండి, కొత్తవారు ఇక్కడే జారతారు. బిషప్పుల అభిషేకం ఆదివారం చేయడం చర్చి సంప్రదాయం కాబట్టి "ఆదివారం పరీక్ష" పెడదామని అనుకుందాం. 1073 జూన్ 30 ఆదివారం, నెగ్గింది. జూన్ 29 శనివారం, ఓడింది. మరి 1074 ఫిబ్రవరి 2? ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 20. అక్కడి నుంచి 77 రోజులు వెనక్కి వెళ్తే ఫిబ్రవరి 2 కూడా ఆదివారమే! పైగా పెద్ద పండుగ రోజు. పరీక్షను యంత్రంలా వాడితే తప్పు తేదీ ఠీవిగా నెగ్గుతుంది, నిజానికి దగ్గరగా ఉన్న 29 ఓడిపోతుంది. వారం లెక్క ఒక తేదీని అనుమానించడానికి పనికొస్తుంది, నిరూపించడానికి సరిపోదు. ఏడు తేదీల్లో ఒకటి ఎలాగూ ఆదివారమే అవుతుంది.

మరి లాంపర్ట్ తేదీ ఎందుకు తప్పు? దాన్ని ఓడించేది మళ్లీ రిజిస్టరే. 1073 ఏప్రిల్ నుంచి వచ్చిన తొలి ఉత్తరాల్లో గ్రెగరీ తనను "రోమ్ పీఠానికి ఎన్నికైనవాడు" అని చెప్పుకున్నారు. అభిషేకం తర్వాత ఆ మాట పోయి, పోపుల మామూలు బిరుదు "బిషప్పు, దేవుని సేవకుల సేవకుడు" వస్తుంది. ఆ మార్పు 1073 వేసవిలోనే జరిగిపోయింది. ఆ శరత్కాలంలో ఉత్తరాలు పూర్తి బిరుదుతో వెళ్తున్నాయి. 1074 ఫిబ్రవరి దాకా అభిషేకమే కాకపోతే ఇది సాధ్యం కాదు. ఇంకో దారి కూడా వెతికి చూశాను. సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందన్న తేడాతో ఈ తేదీని కాపాడవచ్చా? ఒక ఏడాది వెనక్కి జరిపితే 1073 ఫిబ్రవరి 2 వస్తుంది, అప్పటికి అలెగ్జాండర్ బతికే ఉన్నారు. కాబట్టి కుదరదు.

లాంపర్ట్ అబద్ధం చెప్పారని నేను అనను. ఆయన హెన్రీ రాజుకు వ్యతిరేకి, గ్రెగరీకి కాదు. 1070ల చివర్లో ఆయన రాస్తున్నప్పుడు "రాజు సమ్మతి లేకుండా వచ్చిన పోపు" అన్న నింద జర్మనీలో బాగా వినిపిస్తోంది. రాయబారి వెళ్లాడు, జవాబు తెచ్చాడు, రాజు ఒప్పుకున్నాడు, అప్పుడే అభిషేకం అని చెప్పే కథకు కొన్ని నెలల సమయం కావాలి. ఆ కథ గ్రెగరీని కాపాడుతుంది, ఆ కథకు ఫిబ్రవరి బాగా కుదురుతుంది. ఇది నా అంచనా. బోనిజో కూడా రాజు ఒప్పుకున్నాడనే రాశారు, కానీ వచ్చిన రాయబారి ఎబర్‌హార్డ్ కాదు, వెర్చెల్లి బిషప్పు గ్రెగరీ అంటారు. ఇద్దరిలోనూ రాజు సమ్మతి ఉంది, మనిషి వేరు, నెల వేరు. మీ వ్యాసంలో లాంపర్ట్‌ను పూర్తిగా వదిలేయకండి. తేదీకి కాదు, జర్మనీలో ఆ ఎన్నిక గురించి ఏం అనుకునేవారో తెలుసుకోవడానికి ఆయన అవసరం.

మిగిలింది 29, 30 మధ్య తగువు. 29 అన్నది బోనిజో. గ్రెగరీ చనిపోయిన కొద్ది కాలానికే రాశారు, అంటే సంఘటనకు పన్నెండేళ్ల తర్వాత. "అపొస్తలుల పండుగ నాడు, వారి బలిపీఠం దగ్గరే" అభిషేకం జరిగిందన్నారు. పేతురు, పౌలుల పండుగ జూన్ 29. అంకెల్లో రాసి ఉంటే లేఖకుడి పొరపాటు అనే వీలుండేది. జూలై కాలెండ్స్‌కు మూడో రోజు 29, దాని తర్వాతి రోజు 30, ఒక్క గీత తేడా. కానీ బోనిజో అంకె రాయలేదు, పండుగ పేరు రాశారు. కాబట్టి ఆ వివరణ ఇక్కడ చెల్లదు. నాకు తోచేది వేరు. పేతురు వారసుడికి పేతురు పండుగ నాడు, పేతురు సమాధి మీద అభిషేకం అన్నది చాలా అందమైన జత. పండుగ శనివారం వచ్చి అభిషేకం మర్నాడు ఆదివారం జరిగితే, పన్నెండేళ్ల తర్వాత గుర్తు చేసుకునే అభిమానికి అది "పండుగ నాడు జరిగింది" అయిపోవడం సహజం. సంక్రాంతికి వచ్చామని చెప్పేవాళ్లు కనుమ నాడు దిగి ఉండవచ్చు. అందుకే నేను 30 వైపే మొగ్గుతాను. ఈ నాటి ప్రామాణిక పట్టికలు కూడా 30 అనే ఇస్తాయి.

పండుగ పేరుతో చెప్పిన తేదీల్లో ఇంకో చిక్కుంది. బోనిజో గురుపట్టం గురించి "పెంతెకోస్తు ఉపవాసంలో" అన్నారు. పెంతెకోస్తు అంటే ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం వచ్చే పండుగ, 1073లో అది మే 19. ఆ వారంలో ఉపవాస దినాలు బుధ, శుక్ర, శనివారాలు, అంటే మే 22, 24, 25. పట్టికల్లో మే 22 అని ఒక్క తేదీ కనిపిస్తుంది. బోనిజో మాట ఒక్కటే ఆధారం అయితే అంత కచ్చితంగా చెప్పలేం. మీరు బోనిజోను ఉటంకిస్తే ఆయన ఇచ్చినంతే ఇవ్వండి, పక్కన పట్టిక తేదీ పెట్టండి.

తేదీ లేకుండా "ఇన్నేళ్లు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు పీఠం మీద ఉన్నారు" అని మాత్రమే చెప్పే పోపుల జాబితాలు మీకు చాలా తగులుతాయి. అవి బంగారం. గ్రెగరీ 1085 మే 25న సలెర్నోలో చనిపోయారు. ఏప్రిల్ 22 నుంచి లెక్కిస్తే 12 ఏళ్ల 1 నెల 3 రోజులు. జూన్ 30 నుంచి లెక్కిస్తే 11 ఏళ్ల 10 నెలల 25 రోజులు. జాబితాలో ఏ అంకె ఉందో చూస్తే దాన్ని రాసినవారు ఏ రోజును మొదలుగా తీసుకున్నారో బయటపడుతుంది. మూడో అంకె ఏదైనా కనిపిస్తే, 12ను 11గా, 3ను 2గా మార్చే రోమన్ గీతల పొరపాటు ముందు వెతకండి.

ఇక పదవ గ్రెగరీ. ఇక్కడ తగువు రోజుది కాదు, సంవత్సరానిది. ముందటి పోపు నాలుగవ క్లెమెంట్ 1268 నవంబర్ 29న విటెర్బోలో చనిపోయాక కార్డినల్స్ 1006 రోజులు తేల్చుకోలేకపోయారు. చివరికి ఆరుగురి కమిటీ 1271 సెప్టెంబర్ 1న తెదాల్దో విస్కాంతిని ఎన్నుకుంది. ఆయన అప్పుడు పవిత్ర భూమిలో, ఏకర్ (అక్కో) నగరంలో ఉన్నారు. (పోలో కుటుంబం ఆయన ఉత్తరాలు తీసుకునే చైనా దారి పట్టింది. తర్వాత మోటుపల్లి గురించీ, అక్కడి రాణి గురించీ చెప్పిన మార్కో పోలో ఆ కుటుంబంలోని కుర్రవాడే.) కబురు అంది, ఓడెక్కి, 1272 ఫిబ్రవరి 10న విటెర్బో చేరారు. పట్టాభిషేకం రోమ్‌లో 1272 మార్చి 27న. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 24, అంటే మార్చి 27 దానికి సరిగ్గా నాలుగు వారాల ముందటి ఆదివారం.

ఈ మార్చి 27 ఎక్కడ రాస్తే ఆ సంవత్సరం అవుతుంది. క్రిస్మస్ నుంచి ఏడాది మొదలుపెట్టేవారికి 1272. ఫ్లోరెన్స్‌లో ఏడాది మార్చి 25న మొదలవుతుంది, రెండు రోజుల ముందే కొత్త ఏడాది వచ్చింది కాబట్టి అక్కడా 1272. పీసాలోనూ మార్చి 25నే, కానీ వాళ్లు ఫ్లోరెన్స్ కంటే ఒక ఏడాది ముందుంటారు, అక్కడ 1273. ఫ్రాన్స్ రాజుల కచేరీలో ఏడాది ఈస్టర్ నుంచి మొదలు, ఈస్టర్ ఇంకా నాలుగు వారాల దూరం, కాబట్టి అక్కడ 1271. అందరూ ఒకే ఆదివారం గురించి రాస్తున్నారు. ఉగాదితో ఏడాది మార్చుకునే మనకూ, చిత్తిరైతో మార్చుకునే తమిళులకూ మధ్య కొన్ని రోజులు సంవత్సరం పేరు కలవదు కదా, అదే ఇక్కడ జరిగింది. అదే ఫిబ్రవరి 10 రాకను పీసావారు 1272 అంటారు, ఫ్లోరెన్స్‌వారు, ఫ్రాన్స్‌వారు 1271 అంటారు. కాబట్టి జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో పడే ఏ మధ్యయుగపు తేదీనైనా, ఆ గ్రంథం ఏ ఊరిదో తెలుసుకోకుండా మన క్యాలెండర్‌లోకి మార్చకండి.

సెప్టెంబర్ 1 ఎన్నికలో ఇంకో ఉచ్చు ఉంది. బైజాంటియం లెక్కలో కొత్త ఏడాది, కొత్త ఇండిక్షన్ మొదలయ్యేది సరిగ్గా సెప్టెంబర్ 1నే. ఆ లెక్క వాడితే ఆ రోజు ఇండిక్షన్ 15. సెప్టెంబర్ 24న గానీ, క్రిస్మస్‌కు గానీ ఇండిక్షన్ మార్చే పశ్చిమ పద్ధతుల్లో అదే రోజు 14. ఏడవ గ్రెగరీది ఏప్రిల్ కాబట్టి ఈ బాధ రాలేదు, అన్ని పద్ధతుల్లోనూ 11 వచ్చింది. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు ఉన్న తేదీల్లో మాత్రం ఇండిక్షన్ ఒకటి ఎక్కువ కనిపిస్తే తప్పని కొట్టేయకముందు ఇది చూసుకోండి. అలాగే పదవ గ్రెగరీ పత్రాల్లో "మా పోపు పదవి మొదటి సంవత్సరం" అంటే పట్టాభిషేకం నుంచి లెక్క, 1272 మార్చి 27 నుంచి 1273 మార్చి 26 దాకా. అది చూసి 1271లోకి తోయకండి.

మీ వ్యాసంలో ఏడవ గ్రెగరీకి నేనైతే ఇలా రాస్తాను: "1073 ఏప్రిల్ 22న, ముందటి పోపును సమాధి చేసిన రోజే, ఎన్నికయ్యారు, అదే ఏడాది జూన్ 30న అభిషేకం జరిగింది (బోనిజో దాన్ని ముందురోజు పేతురు, పౌలుల పండుగకు చెబుతాడు)." లాంపర్ట్ ఫిబ్రవరి తేదీని అధోజ్ఞాపికలో పెట్టి, రిజిస్టరులోని బిరుదు మార్పు వల్ల అది నిలవదని ఒక వాక్యం చేర్చండి. పదవ గ్రెగరీకి 1272 మార్చి 27 అని రాసి, మీరు చూసిన మూల గ్రంథంలో 1271 అని గానీ 1273 అని గానీ ఉంటే ఆ అంకెను మార్చకుండా కొటేషన్‌లో అలాగే ఉంచి, అది ఏ ఊరి లెక్కో పక్కనే రాయండి.